గ్రూప్ క్లాసులు నడిపే జిమ్‌ను వెతుక్కోవడం ఎలా

జిమ్‌లో చేరాలనుకునేవారు సాధారణంగా ముందు జిమ్‌ను ఎంచుకొని, ఫీజు కట్టిన తరువాత అక్కడ ఏయే క్లాసులు నడుస్తున్నాయో చూసుకుంటారు. ట్రెడ్‌మిల్ మీద నడవడానికో, బరువులు ఎత్తడానికో వెళ్లేవారికి ఈ వరుస వల్ల పెద్ద నష్టం ఉండదు, ఎందుకంటే తలుపులు తెరిచి ఉన్నంతసేపూ వారి పని సాగుతుంది. డాన్స్‌తో చేసే జుంబా, కదలని సైకిళ్ల మీద చేసే సైక్లింగ్, ముఖ్యంగా పొట్ట, నడుము కండరాలకు బలమిచ్చే పిలాటిస్ వంటి గ్రూప్ క్లాసుల కోసమే వెళ్లేవారి సంగతి వేరు. వారికి ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా ట్రైనర్ అన్న మూడూ కలిసి రావాలి, కలిసి వచ్చిన చోట ఖాళీ కూడా ఉండాలి. కాబట్టి ముందు తమకు కుదిరే క్లాసు ఏదో తేల్చుకొని, అది ఏ జిమ్‌లో జరుగుతోందో తరువాత వెతకడం మంచిది.

ఎలాంటి క్లాసు కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమతో కూడిన వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల పాటు తీవ్రమైన వ్యాయామం గాని చేయాలి. దీనికి తోడు వారంలో కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం చేకూర్చే వ్యాయామం ఉండాలి. క్లాసులు ఎంచుకునేటప్పుడు చాలామంది మొదటి మాటను పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తారు. వారానికి మూడు గంటలు డాన్స్ క్లాసుకు వెళ్లేవారు గుండెకూ ఊపిరితిత్తులకూ చాలినంత పని చెబుతారు గాని, కండరాల బలం సంగతి అలాగే మిగిలిపోతుంది. అందువల్ల ఒకే క్లాసును దృష్టిలో పెట్టుకొని జిమ్‌ను వెతకడం కన్నా, చెమట పట్టించేది ఒకటి, బరువులతో చేయించేది ఒకటి దొరికే చోటును వెతకడం మేలు.

క్లాసుల రకాలు చూడడానికి లెక్కలేనన్ని ఉన్నట్టు కనిపించినా, లోపలి స్వభావాన్ని బట్టి చూస్తే కొన్నే. జుంబా, స్టెప్, ఏరోబిక్స్ సంగీతపు లయకు అడుగులు వేయించేవి. ఇండోర్ సైక్లింగ్‌లో అడుగులు గుర్తుపెట్టుకునే పని ఉండదు, మోకాళ్లకు కుదుపు ఉండదు, ఎవరి సైకిల్ బిగువును వారే తగ్గించుకోవచ్చు. అందుకే డాన్స్ అంటే బిడియపడేవారికి ఇది అనుకూలంగా ఉంటుంది. హిట్ అని పిలిచే ఇంటర్వల్ క్లాసుల్లో కొద్ది సెకన్ల తీవ్రమైన శ్రమ, వెంటనే కొద్దిపాటి విరామం మారిమారి వస్తాయి. వీటిలో బాగా పేరున్న టబాటా పద్ధతిలో 20 సెకన్లు శ్రమ, 10 సెకన్లు విరామం చొప్పున 8 సార్లు చేస్తారు, అంటే మొత్తం 4 నిమిషాలు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో ఆ శ్రమ మనిషి చేయగలిగిన దానికి చివరి అంచున ఉండేది. ఇప్పుడు టైమ్‌టేబుల్‌లో 45 నిమిషాల టబాటా అని కనిపిస్తే, అది ఆ లయను మాత్రమే తీసుకున్న మామూలు ఇంటర్వల్ క్లాసు అనుకోవాలి. అంతసేపు ఆ తీవ్రతను నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. యోగా, పిలాటిస్ నెమ్మదిగా సాగుతాయి, కానీ నెమ్మదిగా సాగినంత మాత్రాన తేలికగా ఉంటాయని అనుకోకూడదు. కీళ్ల నొప్పులు ఉన్నవారికి, బరువు ఎక్కువగా ఉన్నవారికి నీటిలో చేయించే ఆక్వా క్లాసులు చక్కగా సరిపోతాయి, అయితే వాటికి ఈత కొలను ఉన్న చోటే చూసుకోవాలి.

వెతికే ముందు పేర్ల వెనక ఉన్న వ్యవహారం కొంత తెలిసి ఉండాలి. కొలంబియాకు చెందిన ఆల్బెర్టో పెరెజ్ 1990ల్లో మొదలుపెట్టిన జుంబా ఇప్పుడు ఒక సంస్థ చేతిలో ఉన్న బ్రాండు. స్పిన్నింగ్ కూడా నమోదైన ట్రేడ్‌మార్కే. లైసెన్సు లేని జిమ్‌లు ఇలాంటి క్లాసులనే డాన్స్ ఫిట్‌నెస్, ఇండోర్ సైక్లింగ్, రైడ్ వంటి పేర్లతో నడుపుతాయి. అందువల్ల బ్రాండు పేరుతో ఒకసారి, మామూలు పేరుతో మరొకసారి వెతకకపోతే దగ్గరలో ఉన్న మంచి క్లాసు కూడా కంటబడకుండా పోవచ్చు. పిలాటిస్ విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. ఆ పేరు ఎవరి సొత్తూ కాదని 2000లో అమెరికా కోర్టు ఒకటి తేల్చింది. ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు గనుక, పిలాటిస్ క్లాసు అని రాసి ఉన్నప్పుడు ట్రైనర్ ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారో అడగడం తప్పనిసరి. అది చాప మీద చేయించేదా, స్ప్రింగులు బిగించిన రిఫార్మర్ అనే యంత్రం మీద చేయించేదా అన్నది కూడా అడగాలి. రిఫార్మర్ క్లాసులో యంత్రాలు ఎన్ని ఉంటే అంతమందికే చోటు, ఫీజు కూడా దాదాపు ఎప్పుడూ వేరుగా ఉంటుంది.

మరో తేడా కూడా గమనించదగ్గది. కొన్ని క్లాసుల్లో పాటలూ అడుగులూ వరుస అంతా ముందే సిద్ధం చేసి జిమ్‌లకు పంపుతారు. న్యూజిలాండ్‌లో 1968లో ఒక జిమ్‌గా మొదలైన లెస్ మిల్స్ సంస్థ ఈ పద్ధతికి ప్రసిద్ధి. బరువులతో చేసే బాడీపంప్, యుద్ధవిద్యల కదలికలతో చేసే బాడీకాంబాట్ వంటి దాని క్లాసులకు మూడు నెలలకొకసారి కొత్త వరుస విడుదలవుతుంది. ఊళ్లు మారుతూ ఉండేవారికి ఇది సౌకర్యం, ఎందుకంటే ఎక్కడికి వెళ్లినా అదే క్లాసు ఉంటుంది. ఒక ట్రైనర్ రాకపోతే మరొకరు వచ్చి నడిపినా పెద్ద తేడా తెలియదు. ట్రైనర్ తానే సమకూర్చుకొని నడిపే క్లాసులో ఎదురుగా ఉన్నవారిని బట్టి అప్పటికప్పుడు మార్పులు చేయడానికి వీలుంటుంది, కానీ దాని మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క మనిషి మీదే ఆధారపడి ఉంటాయి. కొత్తవారికి మొదటి రకం, గాయాలో పరిమితులో ఉన్నవారికి మంచి ట్రైనర్ దొరికితే రెండో రకం సరిపోతాయని నా అభిప్రాయం.

ఎక్కడ వెతకాలి?

గూగుల్ మ్యాప్స్‌లో జిమ్ అని వెతికితే యంత్రాల ఫోటోలు వరుసగా వస్తాయి, క్లాసుల జాడ తెలియదు. కావలసిన క్లాసు పేరునే అక్కడ టైపు చేయాలి. ఇంటి చుట్టుపక్కలే కాకుండా ఆఫీసు చుట్టూ, రెండింటి మధ్య దారి పొడుగునా చూడాలి, ఎందుకంటే సాయంత్రం క్లాసు అందుకోవడం అన్నది పని ముగిసే చోటు నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. జిమ్ పేరు దొరికిన తరువాత రివ్యూల్లో క్లాస్, బ్యాచ్, ట్రైనర్, బుకింగ్ వంటి మాటలతో వెతికితే అసలు విషయాలు బయటపడతాయి. నక్షత్రాల సగటు కన్నా ఇటీవలి నెలల్లో క్లాసులకు వెళ్లినవారు రాసిన నాలుగు వాక్యాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

జుంబా, లెస్ మిల్స్ వంటి సంస్థల సొంత వెబ్‌సైట్లలో ఏ ప్రాంతంలో తమ క్లాసులు జరుగుతున్నాయో చూపే వెతుకులాట సదుపాయం ఉంటుంది. బోర్డు మీద బ్రాండు పేరు రాసుకున్న జిమ్‌కు నిజంగా లైసెన్సు ఉందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇది పనికివస్తుంది. ఒకే చందాతో అనేక జిమ్‌లలో క్లాసులు చేయనిచ్చే సేవలు కూడా ఉన్నాయి. 2013లో క్లాస్‌పాస్ అన్న పేరుతో మొదలైన సేవ వీటిలో బాగా తెలిసినది. ఇలాంటి సేవను దీర్ఘకాలం వాడకపోయినా, రెండు మూడు వారాలు నాలుగైదు చోట్ల రుచి చూడడానికి వాడుకోవచ్చు.

వ్యాపార జిమ్‌ల బయట కూడా చూడడం మరచిపోకూడదు. 1844లో లండన్‌లో పుట్టి ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్న వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం శాఖల్లో చాలావాటిలో గ్రూప్ క్లాసులు నడుస్తాయి. నగరపాలక సంస్థల క్రీడా కేంద్రాలు, విశ్వవిద్యాలయాల జిమ్‌లు, ఈత కొలనులు కూడా బయటివారిని చేర్చుకునే సందర్భాలు ఉంటాయి. ఇక్కడ అలంకరణ తక్కువగా ఉన్నా, ఏళ్ల తరబడి ఒకే క్లాసును నడిపే ట్రైనర్లు దొరకవచ్చు. ఒకే రకం క్లాసులు మాత్రమే నడిపే స్టూడియోలు ఇంకో దారి. వాటిలో శ్రద్ధ ఎక్కువ, వైవిధ్యం తక్కువ, క్లాసు ఒక్కింటికి ఖర్చు సాధారణంగా ఎక్కువ.

టైమ్‌టేబుల్‌ను చదవడం

జిమ్ గురించి ప్రకటనలు చెప్పని సంగతులను టైమ్‌టేబుల్ చెబుతుంది. ముందుగా అది ఏ తేదీ నాటిదో చూడాలి. వెబ్‌సైట్‌లో పెట్టిన బొమ్మ ఏడాది కిందటిది కావడం సర్వసాధారణం, కాబట్టి ప్రస్తుతం నడుస్తున్న వారపు టైమ్‌టేబుల్‌ను అడిగి తీసుకోవాలి లేదా జిమ్ బుకింగ్ యాప్‌లో చూడాలి. చాలా యాప్‌లు సభ్యత్వం లేనివారికి కూడా ఆ పేజీని చూపిస్తాయి.

తరువాత చేయవలసిన పని, తాము రాలేని క్లాసులన్నిటినీ కొట్టివేయడం. వారానికి యాభై క్లాసులు ఉన్నాయని చెప్పే జిమ్‌లో ఉద్యోగికి అందే వేళల్లో ఉన్నవి ఆరే కావచ్చు. ఇరవై మాత్రమే ఉన్న మరో జిమ్‌లో పది అందవచ్చు. ప్రయాణానికీ బట్టలు మార్చుకోవడానికీ పట్టే సమయం కలుపుకొని లెక్క వేయాలి. ఆరు గంటలకు పని ముగిసి, ఆరున్నర క్లాసు ఇరవై ఐదు నిమిషాల దూరంలో ఉంటే, ఆ క్లాసు మీకు లేనట్టే లెక్క. ఇలా వడపోసిన తరువాత వారానికి కనీసం మూడు క్లాసులు మిగలాలి. రెండే కావాలనుకున్నా మూడోది అవసరం, ఎందుకంటే ఏదో ఒక వారం పనులు అడ్డుపడతాయి, ఏదో ఒక రోజు ట్రైనర్ రారు.

ట్రైనర్ల పేర్లు టైమ్‌టేబుల్‌లో ఉన్నాయా లేదా అన్నది నేను ముఖ్యంగా చూసే గుర్తు. పేర్లు రాసే జిమ్‌లు ఆ మనుషులు నిలుస్తారన్న నమ్మకంతో రాస్తాయి. ఒకే పేరు పది రకాల క్లాసుల ఎదుట కనిపిస్తే, ఆ ఒక్కరు సెలవు పెట్టినప్పుడు ఏమవుతుందో అడగాలి. క్లాసు ఏ స్థాయివారికి, ఎన్ని నిమిషాలు అన్నవి కూడా స్పష్టంగా ఉండాలి. అన్ని స్థాయిలవారికీ అన్న మాట ప్రతి క్లాసు పక్కనా ఉంటే దాన్ని నమ్మకుండా స్వయంగా చూసి తేల్చుకోవాలి. కొన్ని జిమ్‌లు ట్రైనర్ లేకుండా తెర మీద వీడియో వేసి చేయించే క్లాసులను కూడా అదే పట్టికలో కలిపి చూపుతాయి. వాటిని వర్చువల్ అని చిన్న అక్షరాల్లో గుర్తిస్తారు. అనుభవం ఉన్నవారికి అవి పనికివస్తాయి గాని, భంగిమ సరిదిద్దేవారు అవసరమైన కొత్తవారు వాటిని లెక్కలోంచి తీసేయాలి.

టైమ్‌టేబుల్‌లో ఉన్న క్లాసులో చోటు దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న. బుకింగ్ ఎన్ని గంటల ముందు తెరుచుకుంటుంది, ఎంత ముందు వరకు రద్దు చేసుకోవచ్చు, బుక్ చేసి రాకపోతే జరిమానా ఉందా, నిరీక్షణ జాబితాలో ఉన్నవారికి చోటు దొరికితే ఎలా తెలుస్తుంది అన్నవి రిసెప్షన్‌లో అడగాలి. అడగడం కన్నా గట్టి పద్ధతి కూడా ఉంది. మీకు కావలసిన క్లాసుకు బుకింగ్ తెరుచుకునే వేళకు యాప్ తెరిచి, చోట్లు ఎంత త్వరగా నిండుతున్నాయో ఒకటి రెండు వారాలు గమనించాలి. సోమవారం సాయంత్రం సైక్లింగ్ క్లాసు ఐదు నిమిషాల్లో నిండిపోతుంటే, ఆ సభ్యత్వంతో కొంటున్నది క్లాసును అనుకోవడానికి లేదు, పోటీలో పాల్గొనే హక్కును మాత్రమే. ఆ రెండు వారాల్లో ఎన్ని క్లాసులు రద్దయ్యాయో కూడా పనిలో పనిగా తెలిసిపోతుంది.

ట్రయల్ క్లాసులో చూడవలసినవి

ట్రయల్ క్లాసు ఇవ్వని జిమ్‌లు తక్కువ. ఉచితం కాకపోతే ఒక్క క్లాసుకు డబ్బు కట్టి అయినా వెళ్లాలి. మీరు చేరాక రాబోయే రోజుకు, వేళకే వెళ్లాలి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న హాలును చూసి సాయంత్రం బ్యాచ్ గురించి నిర్ణయించలేము. పదిహేను నిమిషాలు ముందుగా చేరుకొని కొత్తవారమని ట్రైనర్‌తో చెప్పాలి. అప్పుడు ఆయన లేదా ఆమె చేసే పనే సగం సమాధానం. గాయాలు, రక్తపోటు, గర్భం వంటివి ఉన్నాయా అని అడిగి, సైకిల్ క్లాసైతే సీటు ఎత్తును తుంటి ఎముక దగ్గరకు వచ్చేలా సరిచేసి, పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూస్తే ఆ ట్రైనర్‌కు పని తెలుసు. వెనక నిలబడండి, చూసి చేసేయండి అని సరిపెడితే మరో చోటు చూసుకోవచ్చు.

క్లాసు నడుస్తున్నప్పుడు ట్రైనర్ తానే వ్యాయామం చేస్తున్నారా, ఎదుటివారి చేత చేయిస్తున్నారా అన్నది గమనించాలి. మంచి ట్రైనర్ కళ్లు హాలంతా తిరుగుతూ ఉంటాయి, ప్రతి కదలికకూ తేలికైన రూపం ఒకటి చూపుతారు, గంతులు వేయలేనివారికి నడక చూపుతారు. శరీరాన్ని వేడెక్కించకుండా మొదలుపెట్టడం, ఆఖరి పాట అయిపోగానే దీపాలు వేసి పంపించేయడం మంచి లక్షణాలు కావు. ఇద్దరి మధ్య చేతులు చాచినా తగలనంత దూరం ఉందా, గాలి ఆడుతోందా అన్నవి చూడాలి. గంతులు ఉండే క్లాసైతే నేల చెక్కతో గాని, కుదుపును కొంత పీల్చుకునే పదార్థంతో గాని చేసి ఉండాలి. గట్టి రాతి నేల మీద వారానికి మూడుసార్లు ఎగిరితే మోకాళ్లూ పిక్కలూ త్వరలోనే ఫిర్యాదు చేస్తాయి.

సంగీతపు హోరు గురించి ఎవరూ అడగరు, అడగవలసిందే. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర దక్కేది 15 నిమిషాలే. ఫోన్‌లో ధ్వనిని కొలిచే యాప్ పెట్టుకొని చూస్తే సుమారు అంచనా దొరుకుతుంది. క్లాసు తరువాత చెవుల్లో గుయ్‌మంటూ ఉంటే యాప్ కూడా అక్కర్లేదు.

గుంపులో చేస్తే ఒంటరిగా చేసేదానికన్నా ఎక్కువ శ్రమపడతారన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత సంగతే. 1920ల్లో జర్మనీలో ఒట్టో కోలర్ చేసిన ప్రయోగాల్లో, బృందంలోని బలహీనులు మిగతావారికి తాము అడ్డుపడకూడదని తమ మామూలు హద్దును దాటి శ్రమించారు. గ్రూప్ క్లాసుల ఆకర్షణ అంతా ఇందులోనే ఉంది, మొదటిరోజు ప్రమాదమూ ఇందులోనే ఉంది. అలవాటు లేనివారు మొదటి సైక్లింగ్ క్లాసులోనే పక్కవారితో సమానంగా తొక్కబోయి, కండరాలు విచ్ఛిన్నమయ్యే రాబ్డోమయోలిసిస్ అనే స్థితితో ఆసుపత్రిలో చేరిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. క్లాసు తరువాతి రోజుల్లో భరించలేని కండరాల నొప్పి, వాపు, ముదురు గోధుమ రంగు మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. మొదటి రెండు మూడు క్లాసుల్లో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలిగే స్థాయిని దాటకుండా ఉండడం, అవసరమైతే మధ్యలో ఆగడం క్షేమం. అలా ఆగినవారిని హేళన చేసే ట్రైనర్ దగ్గర చేరవద్దు.

సర్టిఫికెట్ల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఫిట్‌నెస్ ట్రైనర్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రాలిచ్చే ఏసీఈ, ఏసీఎస్‌ఎం, ఎన్‌ఏఎస్‌ఎం వంటి అమెరికా సంస్థల పత్రాలు చాలా దేశాల్లో గుర్తింపు ఉన్నవి. జుంబా వంటి ప్రోగ్రామ్ లైసెన్సు ఆ ఒక్క ప్రోగ్రామును నేర్పడానికి అనుమతి మాత్రమే గనుక, దానితోపాటు సాధారణ ఫిట్‌నెస్ శిక్షణ కూడా ఉందేమో అడగాలి. గుండె ఆగినవారి ఛాతీని నొక్కి చేసే ప్రథమ చికిత్స సీపీఆర్ తెలిసినవారు ఆ వేళలో ఉంటారా, గుండె ఆగినప్పుడు వాడే ఏఈడీ యంత్రం ఎక్కడ ఉంది అన్న రెండు ప్రశ్నలకు సిబ్బంది తడుముకోకుండా జవాబు చెప్పాలి. చేర్చుకునే ముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపించే జిమ్‌ను నమ్మవచ్చు. ఆ ప్రశ్నల్లో దేనికైనా అవునని జవాబు వస్తే వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

డబ్బు, ఒప్పందం

క్లాసులు సభ్యత్వంలో కలిసే ఉన్నాయా, కొన్ని మాత్రమే కలిసి ఉన్నాయా, అన్నిటికీ వేరుగా కట్టాలా అన్నది మొదట తేలాలి. పదేసి క్లాసుల ప్యాక్ కొంటే దాని గడువు ఎప్పటివరకో చూడాలి. ఖర్చును పోల్చడానికి తేలికైన మార్గం, నెల ఫీజును నెలలో మీరు నిజంగా వెళ్లగలిగే క్లాసుల సంఖ్యతో భాగించడం. అపరిమిత క్లాసులు అన్న మాట వినసొంపుగా ఉంటుంది గాని, నెలకు ఆరుసార్లు వెళ్లేవారికి ఏ క్లాసుకు ఆ క్లాసు డబ్బు కట్టడమే చౌక కావచ్చు. ప్రవేశ రుసుము, పన్నులు, చాప, తువ్వాలు, లాకర్ అద్దె వంటివి కూడా కలిపితేనే లెక్క సరిపోతుంది.

ముందస్తు సమాచారం లేకుండా టైమ్‌టేబుల్‌ను మార్చే హక్కు తమకు ఉందన్న షరతు జిమ్ ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది. క్లాసు కోసమే చేరేవారికి ఇది అన్నిటికన్నా బరువైన షరతు, ఎందుకంటే చేరిన మూడో నెలలో ఆ ట్రైనర్ వెళ్లిపోయినా, సాయంత్రం బ్యాచ్ ఎత్తేసినా అడగడానికి ఏమీ మిగలదు. ఏడాది ఫీజులో ఎంత తగ్గింపు చూపినా మొదట నెలకో, మూడు నెలలకో మాత్రమే కట్టడం నయం. ఊరెళ్లినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు సభ్యత్వాన్ని కొంతకాలం ఆపి ఉంచవచ్చా, ఒకే సంస్థకు చెందిన ఇతర శాఖల్లో క్లాసులకు వెళ్లవచ్చా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు తెలియజేయాలి అన్నవి ఒప్పందంలో వెతికి చదవాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా ఇచ్చిన హామీ ఏదైనా ఉంటే దాన్ని ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యే సభ్యత్వమైతే ఆ తేదీకి నోటీసు గడువు కన్నా వారం ముందే ఫోన్‌లో గుర్తు పెట్టుకొని, ఆ రోజున తాజా టైమ్‌టేబుల్‌ను మళ్లీ ఒకసారి వడపోసి, మూడు క్లాసులు మిగలకపోతే మానేస్తున్నట్టు రాతపూర్వకంగా పంపి, అందినట్టు జవాబు తీసుకోవాలి.